కాటా మీద లారీ, గంట కొట్టే కుర్రాడు

మన సంఘం సంచికకి ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడల్లా, కవిత్వం నాకు రాదు, కథ అసలే రాదు అని ఇన్నాళ్ళూ తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి ఆయన వదల్లేదు. "మీ ఉద్యోగం గురించే రాయండి సార్, మనవాళ్ళలో ముప్పాతిక మంది కంప్యూటర్ల వాళ్ళే గదా, చదివేవాళ్ళకి లోటుండదు" అన్నారు. తీరా సీరియల్ పోర్టు గురించి రాస్తున్నానని చెబితే మా ఆవిడ, "ఏ ఛానెల్లో వచ్చేది?" అని అడిగింది. కాబట్టి ఆ మిగిలిన పాతిక మందినీ దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. తెలిసినవాళ్ళు ఓపిక పట్టాలి.

పాత కంప్యూటర్ల వెనక తొమ్మిది ముళ్ళున్న ఒక సాకెట్టు ఉండేది, జ్ఞాపకం ఉందా? మోడెం తగిలించేవాళ్ళం, కొందరు మౌస్ తగిలించేవాళ్ళు. అదే సీరియల్ పోర్టు. దాని వెనక ఉన్న ఆర్‌ఎస్‌-232 అనే ప్రమాణం 1960లో పుట్టింది. అంటే మనలో చాలామంది కన్నా పెద్దది. చాలాకాలం చెలామణీ అయిన సవరణ 1969లో వచ్చింది. ఒకే తీగ మీద ఒక బిట్టు వెనక ఒక బిట్టు, చీమల బారులా వస్తాయి. పంపేవాడికీ అందుకునేవాడికీ ఉమ్మడి గడియారం లేదు. తీగ ఊరికే ఉన్నంతసేపూ దాని మీద రుణ వోల్టేజి ఉంటుంది. పంపేవాడికి బుద్ధి పుట్టినప్పుడు దాన్ని ఒక్కసారి ధన వోల్టేజికి తిప్పుతాడు. "ఇదిగో వస్తున్నా" అన్నమాట. దాని వెనక ఎనిమిది బిట్లు, ఆఖర్న ఒక ఆగుడు బిట్టు. 9600 వేగంలో ఒక్కో బిట్టుకి సుమారు 104 మైక్రోసెకండ్లు. అక్షరానికి పది బిట్లు కాబట్టి సెకనుకి 960 అక్షరాలు. ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పదు, వచ్చినప్పుడే వచ్చినట్టు. అందుకే దీన్ని అసింక్రనస్ అన్నారు. మన ఇళ్ళకి చుట్టాలు వచ్చే పద్ధతి కూడా ఇదే గదా!

ఈ అక్షరాల్ని ముందుగా అందుకునేది యూఆర్ట్ అనే చిప్పు. 1981 నాటి ఐబీఎం పీసీలో ఉన్న 8250 చిప్పు ఒక్క అక్షరాన్నే దాచుకోగలదు. మిల్లీసెకను లోపల ప్రాసెసర్ వచ్చి తీసుకోకపోతే, వెనక వచ్చే అక్షరం దాని మీద కూర్చుంటుంది. తరువాత వచ్చిన 16550ఏ చిప్పులో పదహారు అక్షరాలకి చోటుండేది. చిప్పు ప్రాసెసర్ భుజం తడితే, డ్రైవర్ వచ్చి ఆ అక్షరాల్ని తీసి తన గంపలో వేస్తుంది. మన ప్రోగ్రాం ఆ గంపలోంచి తీసుకోవాలి. చిప్పూ డ్రైవరూ వాటి పని అవి బాగానే చేస్తాయి. తంటా అంతా మూడో మజిలీలో, అంటే మన ప్రోగ్రాంలో.

1997లో నేను మధ్య ఇల్లినాయ్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. మొక్కజొన్న, సోయా కొనే ఎలివేటర్లకి ప్రోగ్రాములు అమ్మేవాళ్ళం. ఎలివేటర్ అంటే ఇక్కడ లిఫ్టు కాదు, ధాన్యం నింపే ఆకాశమంత గాదె. మిడ్‌వెస్ట్‌లో కారు నడిపినవాళ్ళందరూ చూసే ఉంటారు. రైతు నిండు ట్రక్కుని కాటా ఎక్కిస్తాడు. మన దగ్గర వేబ్రిడ్జి, ధర్మకాటా అంటామే, అదే. తూకం వేశాక గింజలు గోతిలో దింపి, ఖాళీ ట్రక్కుని మళ్ళీ కాటా ఎక్కిస్తారు. తేడా పౌన్లని 56తో భాగిస్తే మొక్కజొన్న బుషెళ్ళు వస్తాయి. సోయా అయితే 60తో. కాటా కింద ఉన్న యంత్రం నుంచి ఒక డబ్బాకి తీగ వస్తుంది. దాన్ని ఇండికేటర్ అంటారు, దాని మీద ఎర్ర అంకెలు వెలుగుతూ ఉంటాయి. ఆ డబ్బా నుంచి మా కంప్యూటరుకి సీరియల్ తీగ. మేము కొన్న డబ్బా సెకనుకి రెండుసార్లు, ఎవరడిగినా అడక్కపోయినా, 18 అక్షరాల లైను ఒకటి పంపుతూనే ఉంటుంది: ఆరంభపు గుర్తు, కాటా కదులుతోందా నిలకడగా ఉందా అని చెప్పే అక్షరాలు, బరువు, చివర ముగింపు గుర్తు.

ఆ అక్టోబరులో ఒక ఎలివేటర్ నుంచి కబురొచ్చింది. ప్రోగ్రాం రాసిన కుర్రాడు అప్పటికే వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు, కాబట్టి నన్ను పంపారు. జరిగింది ఇది. డెబ్భై ఏళ్ళ రైతు ఒకాయన ట్రక్కు దింపి, చీటీ చేతికి తీసుకుని చూస్తే 313 బుషెళ్ళు అని ఉంది. ఆయన ట్రెయిలరు పట్టేది తొమ్మిది వందలకు పైమాటే. గింజలు అప్పటికే గోతిలో కలిసిపోయాయి. మళ్ళీ తూచడానికి ఏమీ మిగల్లేదు. ఆయన అరవలేదు. చీటీని బల్ల మీద పెట్టి, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాడట. ఆ రోజు అదే ట్రక్కులో అంతకుముందు తెచ్చిన లోడ్ల సగటు తీసి, 910 బుషెళ్ళకి డబ్బిచ్చి పంపించారు. ఆ ఏడు బుషెలు రెండున్నర డాలర్ల పైచిలుకు ఉంది. తేడా ఎంతో మీరే లెక్కేసుకోండి.

నేను గుంటూరు జిల్లా మిరప రైతు కొడుకుని. మా నాన్న టిక్కీలు కాటా వేయించేటప్పుడు ముల్లు మీదనుంచి చూపు తిప్పేవాడు కాదు. పక్కన ఎవరు పలకరించినా ఊఁ అనేవాడే గాని, తల తిప్పేవాడు కాదు. ఏడాది కష్టమంతా ఆ ముల్లు నిలిచే చోట ఉంటుందనేవాడు. ఆ రైతు కుర్చీలో కూర్చున్న సంగతి వింటే నాకు అదే గుర్తొచ్చింది.

ఇక ప్రోగ్రాం సంగతి. విండోస్ లాంటి బొమ్మల తెర మీద నడిచే ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో మన ఉగాది సంబరాల బల్లతో పోల్చి చెబుతాను. ప్రవేశద్వారం దగ్గర బల్ల వేసుకుని ఒకాయన కూర్చుంటాడు. టికెట్లు ఆయనే చించాలి, పిల్లలు తప్పిపోతే ఆయనే మైకులో చెప్పాలి, పార్కింగు ఎక్కడని అడిగితే ఆయనే చూపించాలి. ఒకరి తరువాత ఒకరు వస్తారు. ఒక్కొక్కరినీ చప్పున పంపించి తరువాతివాళ్ళని పిలుస్తాడు. ఈ వరసనే ఈవెంట్ లూప్ అంటారు. తెర మీద బొమ్మ గీయడం, మౌస్ నొక్కు, కీబోర్డు అక్షరం, అన్నీ ఆ వరసలో నిలబడేవే. ఇప్పుడు భోజనాల వ్యాను రావాలి. బల్ల దగ్గరాయన "వ్యాను వచ్చేదాకా నేను వెనక గుమ్మం దగ్గర నిలబడతాను" అని లేచి వెళ్ళాడనుకోండి. వ్యాను దారి తప్పితే? ముందు గుమ్మం దగ్గర రెండు వందల మంది పట్టుచీరల్లో, చలిలో. సరిగ్గా అదే జరుగుతోంది ఆ ప్రోగ్రాంలో. అరసెకనుకి ఒకసారి టైమర్ మోగగానే, అది ఒక పూర్తి లైను వచ్చేదాకా పోర్టు దగ్గరే నిలబడేది. ఇండికేటర్ తీగ వదులై ఊడితే, లైను ఎప్పటికీ రాదు, తెర బిగుసుకుపోయేది. కాటా గదిలో కూర్చునే ఆవిడ కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టేది. రోజుకి రెండు మూడుసార్లు మామూలే అంది.

కాని రైతు చీటీకి కారణం అది కాదు. బిగుసుకుపోయే ప్రోగ్రాం అంత ప్రమాదం కాదు, చెడిందని కనబడుతుంది. నవ్వుతూ తప్పు చెప్పేదే ప్రమాదం.

ఆ కుర్రాడి లెక్క ఇలా ఉంది: డబ్బా సెకనుకి రెండు లైన్లు పంపుతోంది, నేను సెకనుకి రెండు లైన్లు చదువుతున్నాను, చెల్లుకి చెల్లు. వినడానికి బాగానే ఉంది. కాని చీటీ అచ్చు వేసి, నెట్‌వర్కు మీద లెక్కలో రాసేటప్పుడు ప్రోగ్రాం నాలుగైదు సెకన్లు వేరే పనిలో ఉంటుంది. ఆ కాసేపు డబ్బా ఆగదు గదా. ఎనిమిదో పదో లైన్లు గంపలో మిగిలిపోతాయి. ఆ తరువాత ఒకటి వస్తే ఒకటి తీస్తాడు కాబట్టి, ఆ మిగిలినవి ఎప్పటికీ తరగవు. తరువాతి చీటీకి ఇంకో పది. గంపలో 1024 అక్షరాలకి చోటు. లైనుకి 18 చొప్పున 56 లైన్లు. సెకనుకి రెండు చొప్పున చదివితే 28 సెకన్లు. అంటే పది చీటీలైనా కాకముందే, తెర మీద కనిపించే బరువు అరనిమిషం కిందటి బరువన్నమాట. పెళ్ళివారు భోంచేసి వెళ్ళాక శుభలేఖ అందినట్టు.

మరి వేసవిలో ఎవరూ ఎందుకు కనిపెట్టలేదు? వేసవిలో ట్రక్కు కాటా మీద రెండు మూడు నిమిషాలు తీరిగ్గా నిలబడుతుంది. గొట్టంతో గింజల మచ్చు తీస్తారు, తేమ చూస్తారు, పిల్లల గురించి మాట్లాడుకుంటారు. అరనిమిషం వెనకపడ్డా బరువు అదే. కోతల్లో అలా కాదు. వెనక రోడ్డు దాకా ట్రక్కులు. ఆ రైతు సగం కాటా ఎక్కి, కిటికీలోంచి ఏదో కాగితం అందుకోవడానికి ఆగాడు. తరువాత పూర్తిగా ఎక్కాడు. ఎర్ర అంకెలు 78,460 దగ్గర నిలవగానే ఆవిడ బొత్తాం నొక్కింది. కంప్యూటరు తీసుకున్నది మాత్రం గంపలో ముందున్నది, ట్రెయిలరు వెనక చక్రాలు ఇంకా ఎక్కనప్పటి 45,000. కాటా అప్పుడూ కదలకుండానే ఉంది కాబట్టి నిలకడ గుర్తు కూడా ఉంది. ఖాళీ ట్రక్కు 27,480. తీసేసి 56తో భాగించండి.

గంప నిండాక ఇంకో చిత్రం. పట్టనివి కింద పోతాయి. మళ్ళీ చోటు దొరికేసరికి ఏదో లైను మధ్యలో ఉంటుంది. ముందు లైను తలా వెనక లైను తోకా అతుక్కుని ఒకే లైనుగా వస్తాయి. ఖాళీ బరువు 27,480 కాస్తా 7,480 అవుతుంది. అప్పుడు రైతుకి ఇరవై వేల పౌన్లు, అంటే 357 బుషెళ్ళు, ఎలివేటరు ఊరికే ఇచ్చినట్టు.

ఇదంతా నాకు కాటా దగ్గర కూర్చుంటే తెలియలేదు. రాత్రి ఆఫీసులో రెండు కంప్యూటర్లని సీరియల్ తీగతో కలిపి, ఒకదాని చేత ఇండికేటర్ వేషం వేయించాను. అది బరువులకి బదులు 1, 2, 3 అని లెక్కపెడుతూ పంపుతుంది. రెండో దాంట్లో మా ప్రోగ్రాం. చీటీలు ఒకటొకటే అచ్చు వేస్తూ చూశాను. అక్కడ 400 పంపేసరికి ఇక్కడ 344. చేతి గడియారం పెట్టుకుని చూశాను, సరిగ్గా 28 సెకన్లు. ఆ రాత్రి నాకు భయమేసింది. ఆ ఒక్క రైతే చీటీ చదివాడు. చదవనివాళ్ళు?

మా మేనేజరు మంచివాడే గాని, కంపెనీ చిన్నది. "ఆపరేటర్ తొందరపడి నొక్కిందని రాసేద్దాం. అది అబద్ధం కూడా కాదు గదా" అన్నాడు. నా గ్రీన్‌కార్డు కాగితాలు ఆ ఏడాది ఆయన సంతకం కోసం వెయిట్ చేస్తున్నాయి. ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆ మాటకి అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనకుండా పెరుగు తోడుపెట్టి, "ఆవిడ ఉద్యోగం పోతుందేమో" అంది. మర్నాడు ఆ 56 లైన్లూ, 28 సెకన్లూ, 400కి 344 అంకెలూ ఒకే పేజీలో రాసి, ఆపరేటర్ తప్పేమీ లేదని కింద ఒక వాక్యం చేర్చి, ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, అలాగే ఎలివేటరుకి పంపించాడు. తరువాత వాళ్ళూ నేనూ రెండు రోజులు కూర్చుని, ఆ సీజను చీటీలన్నీ తిరగేశాం. ఏ ట్రక్కు మామూలుగా ఎంత తెస్తుందో చూసి, దానికి పొంతన లేనివి వేరు చేశాం. పదకొండు దొరికాయి. ఏడింట్లో రైతు నష్టపోయాడు, నాలుగింట్లో ఎలివేటరు. ఏడుగురికీ చెక్కులు వెళ్ళాయి. నలుగురి దగ్గర్నించి వెనక్కి అడగలేదు. నా కాగితాల మీద సంతకం నెల తరువాత అయింది. ఆ నెల నేను సరిగా నిద్రపోలేదని మాత్రం చెప్పగలను.

ప్రోగ్రాం బాగుచేయడం దీనితో పోలిస్తే చిన్న పని. ఒక సహోద్యోగి, కాచుకుని కూర్చునే ఆ లూపులో మధ్యమధ్య డూఈవెంట్స్ అనే ఆజ్ఞ పెడితే తెర బిగుసుకోదని సలహా ఇచ్చాడు. అంటే వెనక గుమ్మం దగ్గర నిలబడే, మధ్యలో ముందుకి పరిగెత్తి ఒకరి టికెట్ చించి, మళ్ళీ వెనక్కి పరిగెత్తడం. విజువల్ బేసిక్ వాళ్ళకి అది పుట్టుకతో వచ్చిన అలవాటు. నాకు సుతరామూ నచ్చదు. ఒక నొక్కు పని సగంలో ఉండగానే ఇంకో నొక్కుని లోపలికి రానిస్తుంది. విసుగెత్తి ఆవిడ బొత్తాం రెండుసార్లు నొక్కితే రెండు చీటీలు.

సరైన పద్ధతి ఏమిటంటే, వెనక గుమ్మం దగ్గర ఒక కుర్రాణ్ణి పెట్టి "వ్యాను రాగానే గంట కొట్టరా" అనడం. మేము వాడిన కంట్రోలులో ఆ గంట ఉండనే ఉంది. ఆన్‌కామ్ అని దాని పేరు. ఎన్ని అక్షరాలు వస్తే గంట కొట్టాలో చెప్పే ఒక అంకె ఉంటుంది, ఆర్‌థ్రెషోల్డ్ అని. అది మొదట సున్నాగా ఉంటుంది. సున్నా అంటే అసలు కొట్టవద్దని. ఆ కుర్రాడు దాన్ని ముట్టుకోలేదు. ఒకటి చేశాను. ఇక అక్షరం రాగానే వరసలో ఒక కబురు చేరుతుంది, దాని వంతు వచ్చినప్పుడు మనం వెళ్ళి చూస్తాం.

ఇక్కడే చాలామంది తడబడతారు. గంట మోగిందంటే భోజనం మొత్తం వచ్చిందని కాదు. పులిహోర పళ్ళెం ఒకటి దిగి ఉండొచ్చు, అంతే. ఆ ఒక్క పళ్ళెం చూసి మైకులో "భోజనాలకి రండి" అంటే ఏమవుతుందో మన సంఘంలో అందరికీ అనుభవమే! అక్షరాలు కూడా అంతే. ఒక గంటకి మూడు రావచ్చు, ఒక గంటకి రెండున్నర లైన్లు రావచ్చు. కాబట్టి ఉన్నవన్నీ తీసి మన సొంత సంచీలో వెనక చేర్చాలి. ముగింపు గుర్తు కనబడితే అక్కడికి కత్తిరించాలి. కత్తిరించిన ముక్క ఆరంభపు గుర్తుతో మొదలై, పద్దెనిమిది అక్షరాలూ ఉంటేనే బరువు, లేకపోతే పారెయ్యాలి. ఒకటికి మించి పూర్తి లైన్లుంటే ఆఖరిదే కావాలి, పాత బరువుతో పని లేదు. మిగిలిన తోక ముక్కని సంచీలోనే ఉంచి వెంటనే బల్ల దగ్గరికి వచ్చెయ్యాలి. ఆగకూడదు.

బొత్తాం పని కూడా మార్చాను. నొక్కగానే చేతిలో ఉన్న బరువు తీసుకోదు. నొక్కిన క్షణానికి ముందు వచ్చినవన్నీ పారేసి, ఆ తరువాత వచ్చే మొదటి నిలకడ లైను తీసుకుంటుంది. రెండు సెకన్లలో రాకపోతే "తూకం రావడం లేదు, తీగ చూడండి" అని తెర మీద చెబుతుంది. ఆ రెండు సెకన్లు లెక్కపెట్టేది కూడా వేరే టైమరే, అదీ వరసలో ఒక కబురే. ఎవరూ ఎక్కడా కాచుకుని కూర్చోరు.

యూనిక్స్ వాళ్ళకి ఈ తెలివి మాకన్నా ముందే వచ్చింది. 1983లో వచ్చిన బర్కిలీ 4.2 లో సెలెక్ట్ అనే పిలుపు పెట్టారు. ఈ అన్ని గుమ్మాల్లో దేని దగ్గర ఎవరొచ్చినా నన్ను లేపు, అప్పటిదాకా నిద్రపోతాను అని దానర్థం. ఎక్స్ విండోస్ ప్రోగ్రాములు తెర తీగనీ సీరియల్ తీగనీ ఒకే వరసలో వినగలిగింది దానివల్లే. విండోస్ 3.1లో కూడా పోర్టు నుంచి కిటికీకి నేరుగా కబురు పంపే ఏర్పాటు ఉండేది. 32 బిట్ల విండోస్ వచ్చేసరికి దాన్ని తీసేశారు. ఎందుకు తీశారో గాని, అక్కడ వెనక ఒక వేరే థ్రెడ్ పెట్టి చదివించి, దాని చేత కిటికీకి కబురు పెట్టించాల్సి వచ్చేది. ఆ థ్రెడ్ చేత తెర మీద అంకెలు రాయించకూడదు. గంట కొట్టే కుర్రాడు గంటే కొట్టాలి గాని, వచ్చి బల్ల దగ్గర కూర్చోకూడదు.

1998 శరత్కాలంలో మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఆ ఎలివేటరుకి తీసుకెళ్ళాను. కాటా గదిలో ఆవిడ కుర్చీ వేసింది గాని ఆయన కూర్చోలేదు; ఎర్ర అంకెల ఎదుట నిలబడి వరసగా అయిదారు ట్రక్కులు చూశాడు. "తరుగు ఎంత తీస్తారురా?" అని అడిగాడు. మొక్కజొన్నలో తేమ 15 శాతం దాటితే దానికి తగ్గట్టు తీస్తారని చెప్పాను. "అయితే ఇక్కడా తీస్తారన్నమాట" అన్నాడు, తృప్తిగా. ఆ తెర మీద అంకె నా వల్ల సరిగ్గా వస్తోందని మాత్రం నేను చెప్పలేదు. చెబితే "మరి జీతం ఎంత పెంచారు?" అని అడిగేవాడు.

ఇప్పుడు లాప్‌టాపుల్లో ఆ తొమ్మిది ముళ్ళ సాకెట్టు కనబడదు. కాని సీరియల్ పోర్టు చావలేదు, యూఎస్‌బీ తీగలో దూరి కూర్చుంది. కాటాలు, ఆస్పత్రి యంత్రాలు, జీపీఎస్ డబ్బాలు ఈనాటికీ ఆ భాషే మాట్లాడుతున్నాయి. 2021 నుంచి క్రోమ్ బ్రౌజరు కూడా సీరియల్ పోర్టుతో మాట్లాడగలుగుతోంది. ఒక తేడా ఉంది. ఎఫ్‌టీడీఐ వాళ్ళ యూఎస్‌బీ చిప్పులు కొద్దిపాటి అక్షరాలైతే మామూలుగా 16 మిల్లీసెకన్ల దాకా పోగుచేసి ఒక్కసారి పంపుతాయి. అంటే పళ్ళెం పళ్ళెంగా కాక, బండి బండిగా దిగుతాయి. ఒక్కో గంటకి ఒక్కో లైనే వస్తుందని నమ్ముకున్న ప్రోగ్రాములు అక్కడ కూలబడతాయి.

మొన్న చలికాలంలో మా మనవరాలు సైన్సు ఫెయిరుకి ఒక ఆర్డుయీనో బోర్డు కొని, మట్టిలో తేమ చూసే పుల్లని మా ఆవిడ తులసి కుండీలో గుచ్చింది. పైథాన్‌లో కిటికీ గీసి, లోపల లైను చదివే ఆజ్ఞ పెట్టింది. "తాతా, కిటికీ కదలడం లేదు, మూయబోతే మూసుకోవడం లేదు" అని వచ్చింది. నేను కుర్చీ లాక్కుని ఉగాది బల్ల, భోజనాల వ్యాను, గంట కుర్రాడు కథ మొదలుపెట్టాను. సగంలోనే "అంటే, ఎన్ని అక్షరాలు వచ్చాయో చూసి, ఉన్నవే తీసుకుని, మళ్ళీ కాసేపటికి రమ్మనాలి, అంతేనా?" అంది. అంతే అన్నాను. కీబోర్డు నా చేతికి ఇవ్వలేదు. పావుగంటలో కిటికీలో 640 అని అంకె వెలిగింది, కిటికీ కూడా అటూ ఇటూ హాయిగా కదిలింది. ఆ పుల్ల తేమ పెరిగితే అంకె తగ్గే రకం. "ఇది 600 దాటితే నీళ్ళు పొయ్యాలి, నాయనమ్మని పిలువు" అని నన్ను లేపింది.

నేను లేచేలోపే మా ఆవిడ పూజ చెంబుతో వచ్చి, కంప్యూటరు వైపు చూడకుండా కుండీలో నీళ్ళు పోసి వెళ్ళిపోయింది. తెర మీద అంకె 590, 510, 420 అంటూ దిగుతోంది.